నాలుగో ప్యానెల్ పక్కన చోటు

మా కంపెనీలో ఎండాకాలం మధ్యాహ్నం మనిషి ఒళ్ళు వాల్చడానికి పనికొచ్చే గది ఒకటే ఉండేది. అది మనుషుల కోసం కట్టింది కాదు, కరెంటు ప్యానెళ్ల కోసం కట్టింది. అబుదాబి ఊరి బయట మఫ్రఖ్ దాటాక ఇసుకలో ఉన్న సిమెంటు ఇటుకల కంపెనీ అది. నీడలో పెట్టిన నీళ్ల బాటిల్ కూడా తాగలేనంత వేడెక్కే రోజుల్లో ఆ గదిలో రెండు ఏసీలు పగలూ రాత్రీ తిరిగేవి. మోటార్ల వేగాన్ని పెంచీ తగ్గించీ నడిపే డ్రైవ్‌లనే పెట్టెలు ఆ ప్యానెళ్లలో ఉంటాయి. వాటికి వేడి పడదు. మనుషులకి పడుతుందా అని అక్కడ ఎవరూ అడగలేదు. తాళంచెవి నా దగ్గర ఉండేది కాబట్టి నేనే అడిగి, నేనే జవాబు చెప్పుకుని, తలుపు తీశాను.

నేను ఆ కంపెనీ ఎలక్ట్రీషియన్ని. జగిత్యాల వైపు పల్లెటూరివాణ్ణి. ఐటీఐ చదివి, దుబాయ్ పోతున్నానని ఊరంతా చెప్పుకుని, వచ్చి అబుదాబి ఇసుకలో తేలాను. మా వైపు ఏ ఎమిరేట్‌కి పోయినా దుబాయ్ అనే అంటారు లెండి. పదిహేనేళ్లుగా మోటార్లతోనే నా కాపురం. చెయ్యి తిరిగిన పనివాడినని ఒక పేరు, కోపం ముక్కు మీదుంటుందని ఇంకో పేరు. నా పనిలో ఎవరైనా వేలు పెడితే ఒళ్ళు మండిపోయేది. పుస్తకంలో ఇలా రాసి ఉంది అని ఏ ఇంజనీరైనా అంటే, పుస్తకం వచ్చి మోటారు బిగిస్తుందా సార్ అని అడిగేవాణ్ణి. పక్కనున్నవాళ్ళు నవ్వితే ఇంకో రెండు మాటలు వడ్డించేవాణ్ణి. ఆ నవ్వు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నా గదిలో పక్క మంచం ఒక వెల్డరుది. రాయచోటి దగ్గర మనిషి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కోపమొస్తే మాత్రం అచ్చ తెలుగు. నాకంటే ఐదారేళ్లు చిన్న. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. నన్ను ప్రతి మాట చివరా అన్నా అని పిలిచేవాడు. నీళ్ళు కావాలా అన్నా, లైటు తీసేస్తాండా అన్నా, నీ గురక రైలుబండి లెక్క ఉండాది అన్నా. నేను తమ్మీ అనేవాణ్ణి. క్యాంపులో ఎవరూ తిననంత కారంగా శుక్రవారం కూర వండి, నా కళ్ళలో నీళ్ళు వస్తుంటే చూసి మురిసిపోయేవాడు.

అతని కళ్ళు చాలా మంచివి. వెల్డరుకి కళ్ళే బతుకు కదా, వాటిని అద్దాల అల్మారాలా చూసుకునేవాడు. నలభై దాటాక నాకు దగ్గరి చూపు మందగించింది. ఏదైనా సామాను మీద అచ్చు వేసిన సన్న అక్షరాలు చదవాలంటే అతని చేతిలో పెట్టేవాణ్ణి. "ముసలోడివైపోతాండావు అన్నా" అంటూ వెలుతురుకు పట్టి ఒక్కొక్క అంకె చదివి పెట్టేవాడు. నేను రాసుకునేవాణ్ణి.

కరోనా వచ్చిన ఏడు మా పాత స్టార్టర్లు పీకేసి నాలుగు ప్యానెళ్లలో కొత్త డ్రైవ్‌లు పెట్టారు. మొదటి రెండూ సిమెంటు కలిపే మోటార్లకి. మూడోది బెల్టుకి. నాలుగోది సిమెంటు దుమ్ము లాగే పెద్ద ఫ్యానుకి. ప్రతి డ్రైవ్‌కి ముందు మూడు ఫ్యూజులు బిగించి ఇచ్చారు. తెల్లని పింగాణీ గొట్టాలు, అరచేతిలో పట్టేంత. లోపల ఇసుక, ఇసుకలో వెండి రేకు. ఇంట్లో కాలిపోయే ఫ్యూజు తీగలాంటిది కాదు అది. డ్రైవ్ లోపల ఏదైనా పగిలి కరెంటు ఒక్కసారిగా విరుచుకుపడితే, ఆ రేకు కన్ను మూసి తెరిచేలోపే కరిగి దారి మూసేస్తుంది. బ్రేకరు కూడా దారి మూస్తుంది. కానీ బ్రేకరుకి లోపల కదలాల్సిన చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి కదిలేలోపు డ్రైవ్ పని అయిపోతుంది. కేబుల్ కాలిపోకుండా కాపాడాలంటే బ్రేకరు చాలు. డ్రైవ్ పెట్టె బాంబులా పగలకుండా, దాని ముందున్న మనిషికి ఏమీ కాకుండా ఉండాలంటే ఆ ఫ్యూజే ఉండాలి. ఇదంతా నాకు ఇప్పుడు తెలిసిన సంగతి అని చెప్పుకోవాలని ఉంది. అబద్ధం. అప్పుడూ తెలుసు.

పెట్టిన రెండు నెలల్లో నాలుగో నంబరు ఫ్యూజులు రెండుసార్లు పోయాయి. రెండుసార్లూ మూడింటినీ మార్చాల్సి వచ్చింది. స్పేరు అయిపోయాయి. కొత్తవి ఎక్కడో విదేశంలో తయారవుతాయి, కరోనా వల్ల ఓడలు సరిగా రావడం లేదు, పన్నెండు వారాలు పడుతుందన్నారు. కాలిపోయిన ఫ్యూజు మీద నంబరు మా వెల్డరే చదివి పెట్టాడు, ఆర్డరు రాసి పంపాను. ఈలోగా మళ్ళీ ఫ్యూజు పోయి దుమ్ము ఫ్యాను ఆగిపోతే సిమెంటు ట్యాంకర్లు ఖాళీ చేయడానికి లేదు. మేము ముదీర్ అని పిలిచే మేనేజరు నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"క్యా కరేంగే?" అన్నాడు, ఏం చేద్దామని.

నేను వెంటనే, "బ్రేకర్ లగా దేతే హై సాబ్. ఏక్ ఘంటే కా కామ్" అన్నాను, బ్రేకరు పెట్టేద్దాం, గంట పని అని.

ఆయన నన్ను బలవంతం పెట్టలేదు. అది చెప్పి తీరాలి, ఎందుకంటే ఈ కథ విన్నవాళ్ళంతా ముందు ఆయన్నే తిడతారు. "పక్కా?" అని ఒకసారి అడిగాడు. పక్కా అన్నాను. "ఖలాస్" అని వెళ్ళిపోయాడు. బ్రేకర్లు అజ్మాన్‌లో ఒక దుకాణంలో ఆ రోజే దొరికాయి. వంద ఆంపియర్ల ఫ్యూజు ఉన్నచోట వంద ఆంపియర్ల బ్రేకరు పెట్టాను. లెక్క సరిపోయింది అనుకున్నాను. నాలుగో దానికే కాదు, మళ్ళీ ఈ తలనొప్పి ఎందుకని నాలుగింటికీ పెట్టాను. తీసిన ఫ్యూజులు తుక్కులో పడేశాను. డ్రైవ్‌తో వచ్చిన పుస్తకంలో ఒక పేజీ ఉంది. ఈ ఫ్యూజు తప్ప ఇంకేదీ పెట్టకూడదని, పెడితే పెట్టె పగలవచ్చని, నల్ల గీతల మధ్య ముద్దగా రాసి ఉంది. ఆ పేజీ నేను అద్దాలు పెట్టుకుని చదివాను. చదివి పుస్తకం మూసి ప్యానెల్ లోపలి జేబులో పెట్టేశాను.

నెల తిరిగేసరికి, బ్రేకర్లు బాగానే పనిచేస్తున్నాయి కదా, ఆ ఫ్యూజులు ఇంకా తెప్పించాలా అని ఆఫీసులోంచి అడిగారు. అక్కర్లేదని సంతకం పెట్టాను. ఆర్డరు క్యాన్సిల్ అయింది. ఆఫీసులో అందరూ భుజం తట్టారు. నేనూ నా భుజం తట్టుకున్నాను.

మరుసటి ఎండాకాలం వచ్చింది. ఎండాకాలం మూడు నెలలు మధ్యాహ్నం బయట పని చేయించకూడదని అక్కడ రూలు. యార్డులో పని ఆగుతుంది, సరే. కానీ మనుషులు ఎక్కడికి పోతారు? రేకుల షెడ్డు కింద కూర్చోమనేవారు. ఆ రేకుల కింద గాలి పెనం మీదినుంచి వచ్చినట్టు ఉండేది. జూన్ చివర్లో ఒక మేస్త్రీ అక్కడే అన్నం గిన్నె ముందు పెట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. నోట్లోంచి మాట లేదు, ఒంటి మీద చెమట లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికాడు. ఆ సాయంత్రం నేను వెళ్ళి తాళంచెవి జేబులోంచి తీసి, రేపట్నుంచి పండుకునేటోళ్ళు పండుకోండి అని చెప్పాను.

పన్నెండు మంది వచ్చేవారు. ప్యానెళ్ల ముందు అట్టపెట్టెలు విప్పి పరుచుకునేవారు. మూడు రోజుల్లో ఎవరి చోటు వాళ్ళకి ఖాయమైపోయింది. రైల్లో బెర్తు నంబర్లలా ఎవరి అట్ట మీద ఇంకొకరు పడుకుంటే గొడవ. అన్నిటికంటే మంచి చోటు నాలుగో ప్యానెల్ ముందు. ఏసీ గాలి నేరుగా అక్కడే పడేది. ఆ చోటు మా వెల్డరు పట్టాడు. నాతో అన్నా తమ్మీ చుట్టరికం ఉంది కదా, ఎవరూ కాదనలేదు. ఇటుకల పని ఆగేది కాబట్టి మధ్యాహ్నం మొదటి మూడు ప్యానెళ్లూ ఆగిపోయేవి. నాలుగోది మాత్రం ఆగేది కాదు. ట్యాంకర్లు ఎండలో కూడా వస్తూనే ఉండేవి. ఆ ఫ్యాను డ్రైవ్ రొద చేస్తూనే ఉండేది, దాని ముందు మా తమ్ముడు గుర్రు పెట్టేవాడు.

జూలై మొదట్లో ఒక రోజు పొద్దున పదింటికి రెండో ప్యానెల్ పేలింది. గదిలో ఎవరూ లేరు. నేను బయట మోటారు దగ్గర ఉన్నాను. ధన్‌మని శబ్దం, కాళ్ళ కింద నేల అదిరింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే గదినిండా పొగ. ప్యానెల్ తలుపు ప్యానెల్‌కి లేదు. కీళ్ళు ఊడి ఎగిరి ఎదురుగోడకి తగిలి, కింద అట్టల మీద పడి ఉంది. గోడకి తలుపు అంచు దిగబడిన గాటు ఉంది. డ్రైవ్ లోపల అంతా మసి. బ్రేకరు పడి కరెంటు ఆపేసింది, ఆపకేం, అది తన పని తాను చేసింది. ఆలస్యంగా చేసింది.

నేను ఆ అట్టల వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంకో మూడు గంటలకైతే అక్కడ మనుషులు పడుకుని ఉండేవాళ్ళు. అప్పటికి ఆ ప్యానెల్ ఆగి ఉంటుంది, నిజమే. కానీ నాలుగోది ఆగదు. నాలుగోదానిలో ఉన్నదీ నేను పెట్టిన అదే బ్రేకరు. మా ట్రాన్స్‌ఫార్మర్ గోడ అవతలే ఉంది, అంటే పేలితే వచ్చే కరెంటుకి అడ్డూ అదుపూ ఉండదు. పుస్తకం తీసి ఆ పేజీ మళ్ళీ చదివాను. ఈసారి ప్రతి అక్షరం అద్దాలు లేకుండానే కనబడినట్టు అనిపించింది.

ఇంజనీరు వచ్చి చూసి, "డ్రైవ్ ఖరాబ్" అని రాసుకుని పోయాడు. నేను మిగిలిన మూడింటికీ ఫ్యూజులు కావాలని ఆర్డరు పెట్టాను. పది వారాలు అన్నారు. ఎందుకు కావాలి అన్నచోట స్పేరు కోసం అని రాశాను. తప్పు సరిదిద్దుకోవడానికి అని రాసే గడి ఆ కాగితంలో లేదు, ఉన్నా రాసేవాణ్ణి కాదు.

పది వారాలు. ఆ పది వారాలూ ఆ గదిలో పన్నెండు మంది పడుకుంటారు. తాళం వేసేద్దామా అనుకున్నాను. బయట రేకుల కింద మేస్త్రీ ఒరిగిపోయిన చోటు కళ్ళ ముందుకొచ్చింది. ముదీర్ దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నం రెండున్నర గంటలు నాలుగో నంబరు ఆపుదాం సాబ్, డ్రైవ్ వేడెక్కుతోంది అన్నాను. ట్యాంకర్లు లైన్లో నిలబడి ఉన్నాయి, ఏసీ పెంచుకో అన్నాడు. అసలు కారణం చెప్పి ఉంటే ఆపేవాడేమో. చెప్పాలంటే ఫ్యూజులు తీసింది నేనని, ఆర్డరు ఆపించింది నేనని, పేజీ చదివి మూసింది నేనని చెప్పాలి. నా నోరు ఎవరి మీదైనా లేస్తుంది, నా మీద మాత్రం లేవలేదు. పిరికితనం అది. వేరే మాట లేదు.

కాబట్టి నా చేతిలో ఉన్నది చేశాను. ప్యానెల్ తలుపులు ఎగరకుండా చుట్టూ కొత్త రంధ్రాలు వేసి, ఒక్కో తలుపుకి పది లావు బోల్టులు బిగించాను. పసుపు రంగు తెచ్చి, నాలుగో ప్యానెల్ ముందు రెండు మీటర్ల దూరంలో నేల మీద గీత గీశాను. గీత లోపల ఎవరూ పడుకోవద్దు, సాబ్ ఆర్డర్ అన్నాను. ఎందుకని ఎవరో అడిగితే, అడుగుతున్నవు గదా, బయట రేకుల కింద పండుకో పో అని కసిరాను. అందరూ నవ్వారు. గీత బయటికి జరిగారు. పదకొండు మంది ఇరుక్కుని సర్దుకున్నారు. పన్నెండో అట్టకి చోటు లేదు. అది మా వెల్డరుది.

నాలుగో ప్యానెల్ వరసలో చివరిది. దాని పక్కకీ గోడకీ మధ్య ఒక సందు ఉంది, మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత. తలుపు ఎటు ఎగిరినా అటు రాదు. నేను రెండు మూడు సార్లు తలుపు ముందు నిలబడి, చేతులతో కొలిచి చూశాను. ముందు చావు, పక్కన బతుకు అన్నట్టు లెక్క వేసుకున్నాను. అట్ట లాక్కెళ్ళి ఆ సందులో పరిచాను.

"ఇక్కడ పండు తమ్మీ."

"యాడికో సందులోకి తోస్తాండావు ఏందన్నా నన్ను? నా చోటు బాగుండె గదా."

"చెప్పింది ఇను. తలుపు ముందల పండొద్దు. నా మీద ఒట్టు పెట్టు."

"దానికి ఒట్టెందుకు? నువ్వు చెప్తే చాలదా?" అని వెళ్ళి పడుకున్నాడు. తల దగ్గర ప్యానెల్ పక్క రేకుకి ఒక జాలీ ఉంది. లోపలి పెట్టె చల్లబడడానికి గది గాలిని పీల్చే జాలీ, ప్లాస్టిక్ది, పలక అంత. గాలి అటు పోతుంటే అతని జుట్టు కదులుతోంది. "ఇది నా పక్కన పండుకోని ఊపిరి తీస్తాంది అన్నా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ జాలీని చూశాను. చూసి కూడా నాకేమీ తోచలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. మధ్యాహ్నం పన్నెండున్నరకి వాళ్ళు లోపలికి వెళ్ళేవాళ్ళు. నేను గది గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. నాలుగో నంబరు రొద వింటూ ఉండేవాణ్ణి. రొద కొంచెం మారితే లేచి నిలబడేవాణ్ణి. అన్నం సహించేది కాదు. "అన్నకు ఇంటికాడి బెంగ పట్టుకున్నది" అని అందరూ ఆటపట్టించేవారు. మూడింటికి వాళ్ళు లేచి ఒళ్ళు విరుచుకుంటూ బయటికి వస్తుంటే ఒక్కొక్కణ్ణీ లెక్కపెట్టుకునేవాణ్ణి. మా వెల్డరు చివర వచ్చేవాడు, ఎప్పుడూ నిద్రమొహంతో. వారం గడిచింది, రెండు గడిచాయి, ఆరు గడిచాయి. ఇంకో నాలుగే అనుకున్నాను.

ఎనిమిదో వారం మంగళవారం. ఒకటిన్నర దాటింది. నేను స్టూలు మీదే ఉన్నాను, చేతిలో మజ్జిగ ప్యాకెట్టు ఉంది. రొద ఏమీ మారలేదు. ముందుగా ఏ గుర్తూ లేదు. ఒక్కసారి గదంతా తెల్లబడింది, ఆ వెంటే శబ్దం. నాలుగో ప్యానెల్ తలుపు బయటికి ఉబ్బింది. ఉబ్బి ఆగింది. నా పది బోల్టులూ పట్టుకున్నాయి. ఒక్కటీ ఊడలేదు. లోపలి నిప్పుకి ముందు దారి దొరకలేదు. పక్కన దొరికింది. ఆ ప్లాస్టిక్ జాలీని ఊడగొట్టుకుని, పలకంత రంధ్రంలోంచి మంటా కరిగిన లోహమూ సందులోకి వచ్చాయి.

పదకొండు మంది లేచి బయటికి పరుగెత్తారు. ఒక్కరికీ చిన్న గాయం కూడా కాలేదు. నేను వాళ్ళకి ఎదురు తోసుకుంటూ లోపలికి వెళ్ళాను. మా తమ్ముడు కుడిచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని గోడకి ఒరిగి కూర్చుని ఉన్నాడు. "కండ్లు అన్నా, కండ్లు" అంటున్నాడు. అంతకుమించి ఏమీ అనడం లేదు. నేను అతన్ని ఎత్తుకుని బయటికి తెచ్చాను. అంబులెన్స్ వచ్చేదాకా మొహం మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ఆ నీళ్ళు కూడా వేడిగానే ఉన్నాయి.

కుడికన్ను పోయింది. ఎడమకన్ను దక్కింది. కుడిచేతి చర్మం మోచేతి దాకా ముడుచుకుపోయింది. డాక్టరు ఇంకా చాలా చెప్పాడు. నాకు ఆ రెండు ముక్కలే వినిపించాయి.

విచారణకి వచ్చినవాళ్ళు తలుపునీ బోల్టులనీ చూశారు. ఈ బోల్టులు లేకపోతే పదకొండు మంది పోయేవాళ్ళు అన్నారు. ఎవరు బిగించారని అడిగారు. నేనన్నాను. ముదీర్ అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. కాగితంలో డ్రైవ్ లోపలి లోపం అని రాశారు. అది నిజమే, డ్రైవ్‌లో లోపం పుట్టింది. ఆ లోపం మనిషి దాకా రాకుండా ఆపాల్సింది ఏది, అది అక్కడ ఎందుకు లేదు అని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. రెండు వారాల తర్వాత, చెప్పిన గడువు ప్రకారమే, ఫ్యూజులు వచ్చాయి. పెట్టె విప్పి బిగించాను. మధ్యాహ్నం పడుకోవడానికి వేరే క్యాబిన్ తెచ్చి ఏసీ పెట్టారు. అది ఇన్నాళ్ళూ ఎందుకు తేలేదో అడిగినవాడు లేడు.

ఆసుపత్రిలో కట్లతో ఉన్నప్పుడు మా వెల్డరు నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. "నువ్వు నన్ను ఆ తలుపు ముందునుంచి జరపకపోతే నేను ఉందునా అన్నా? నా బిడ్డలకు నాయిన ఉందునా?" అన్నాడు. అతను ఆ తలుపు ముందే పడుకుని ఉంటే ఏమీ కాకపోయేది. ఆ తలుపు పట్టుకుంది, నేను పట్టుకునేలా చేశాను. అది చెప్పకుండా అతని చెయ్యి నిమురుతూ కూర్చున్నాను.

చలికాలంలో ఊరికి వెళ్ళిపోయాడు. ఒంటికన్ను వెల్డరుని ఎవరు పనిలో పెట్టుకుంటారు? ప్రతి పండక్కీ ఫోను చేసేవాడు. పిల్లలకి ఫోను ఇచ్చి, పెద్దనాయినకు సలాం చెప్పండి, నాయినను బతికించింది ఈయప్పే అనేవాడు. వాళ్ళు సన్నని గొంతులతో చెప్పేవాళ్ళు. ఫోను పెట్టేశాక నేను బయటికి వెళ్ళి చాలాసేపు నడిచి వచ్చేవాణ్ణి. ఆ పిల్లల సలాం కంటే వాళ్ళ నాయిన తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

పోయిన సంవత్సరం ఒక శుక్రవారం ఫోను చేశాడు. గొంతులో హుషారు ఉంది. బామ్మర్దితో కలిసి నాపరాళ్ల పాలిష్ యూనిట్ పెడుతున్నానన్నాడు. మా దుమ్ము ఫ్యానుకి ఉన్నంత పెద్ద మోటారు కొన్నారు, దానికి అదే సైజు డ్రైవ్ కొన్నారు.

"షాపాయన బ్రేకర్ చాలంటాండాడు అన్నా. నాకు నమ్మకం లేదు. నువ్వు ఏది పెట్టమంటే అది పెడ్తా."

"ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరం తమ్మీ?"

"యాడ దూరం? షెడ్డు బయటనే."

"ప్యానెల్ ఎక్కడ పెట్టిన్రు?"

"నా కుర్చీ పక్కనే అన్నా. ఒంటికన్నోన్ని గదా, రాయి కాడికి రానీడు మా బామ్మర్ది. ప్యానెల్ కాడ కూర్చోని స్విచ్చులు ఒత్తే పని నాది."

"బ్రేకర్ వద్దు. డ్రైవ్ ముందల ఫ్యూజ్ పెట్టాలె. మామూలు ఫ్యూజ్ గాదు, డ్రైవ్‌కు పెట్టేది. తెల్ల పింగాణీది."

"ఆ, గుర్తుండాది. నేను నంబరు చదివి పెట్టింటి గదా. మన నాలుగో నంబర్లో ఉండిందే గదా అన్నా?"

అవునంటే ఆ మాట అక్కడితో అయిపోతుంది. ఫ్యూజు పెట్టుకుంటాడు, సుఖంగా ఉంటాడు. "అదే" అన్నాను.

అతను తేలిగ్గా అన్నాడు, "అట్లయితే వద్దులే అన్నా. అది ఉండి గూడా నా కన్ను పాయ గదా. అదేం ఆపింది? షాపాయన చెప్పినట్ల బ్రేకరే పెడ్తా."

ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల రాయి కోసే మిషన్ ఎక్కడో ఆగి ఆగి మోగుతోంది. ఇంకో అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇది వేరే రకం, కొత్త రకం, దీనికంటే గట్టిది అనొచ్చు. నమ్ముతాడు. నేనేం చెప్పినా నమ్ముతాడు, నమ్మే ఆ సందులో పడుకున్నాడు. కానీ ఆ ఒక్క కన్ను మళ్ళీ నా అబద్ధం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోబోతోంది. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

"ఆగు తమ్మీ. నాలుగో నంబర్ల ఫ్యూజ్ లేకుండె. నేనే తీసేసిన. బ్రేకర్ పెట్టిన. పుస్తకంల వద్దని రాసి ఉంటే సదివి గూడ పెట్టిన. ఫ్యూజ్ ఉంటే అది పేలకపోవు. నీ కన్ను పోకపోవు."

మిగతాదీ చెప్పేశాను.

"ఇంకోటి. తలుపుకు బోల్టులు కొట్టింది నేనే. నిన్ను ఆ సందుల పండవెట్టింది నేనే. తలుపు ముందల్నే పండి ఉంటే నీకు ఏం కాకపోవు. నేను బతికించలే నిన్ను."

పెట్టేశాడేమో అని ఫోను చూశాను. పెట్టలేదు. చివరికి చాలా మెల్లగా అడిగాడు.

"నంబరు చెప్పు."

చెప్పాను. కొన్నేళ్ల కింద అతనే చదివి నాకు చెప్పిన నంబరు. రాసుకున్నాడు. తిరిగి ఒక్కొక్క అంకె చదివి వినిపించాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

"పెడ్తాలే" అని ఫోను పెట్టేశాడు. ప్రతి మాట చివరా నన్ను పిలిచే మనిషి పిలవకుండా పెట్టేశాడు.

తర్వాత పండగ వచ్చింది, పోయింది. ఫోను రాలేదు. నేను చేయడానికి మొహం చెల్లలేదు. నాలుగు నెలలకి ఒక ఫోటో వచ్చింది. మాట ఏమీ రాయలేదు. అద్దాలు పెట్టుకుని, పెద్దది చేసి చూశాను. కొత్త ప్యానెల్, తలుపు తెరిచి ఉంది. మూడు తెల్లని ఫ్యూజులు వరసగా, సరిగ్గా బిగించి ఉన్నాయి. ఫోటోలో షెడ్డు మూలదాకా కనబడుతోంది. ప్యానెల్ ముందు అతని కుర్చీ లేదు, పక్కన కూడా లేదు. షెడ్డుకి అటు చివర, గేటు అవతల, ఎండలో వేసి ఉంది.